నాయన ఊరి నియమం

కరోనా రెండో విడత సద్దుమణిగిన ఏడాది, అనంతపురం జిల్లా రెండుగా విడిపోవడానికి కొద్ది నెలల ముందు, నన్ను కళ్యాణదుర్గం డివిజన్ గ్రామీణ క్రీడోత్సవాలకు నిర్వహణ కార్యదర్శిగా వేశారు. అప్పటికి నేను ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుణ్ణి. ఊళ్ళలో ఈ హోదాను 'డ్రిల్లు సారు' అంటారు. కార్యదర్శి పనికి వేరే జీతం ఉండదు. పోటీలు ముగిసేదాకా బడికి వెళ్ళకపోయినా హాజరు వేస్తారు, అంతే. దీన్ని మా భాషలో 'ఆన్ డ్యూటీ' అంటాం. నిజానికి డ్యూటీలో ఉన్నప్పటికంటే ఆన్ డ్యూటీలోనే ఎక్కువ పని ఉండేది.

బయటివాళ్ళు క్రీడల నిర్వహణ అంటే విజిల్ వేయడం అనుకుంటారు. విజిల్ వేసేది రెఫరీ. కార్యదర్శి పని విజిల్ మోగే లోపల అయిపోవాలి. ఊళ్ళ నుంచి జట్ల పేర్లు తెప్పించుకోవడం, చీటీలు తీసి ఎవరితో ఎవరు ఆడాలో ఖాయం చేయడం (దీన్ని డ్రా అంటారు), ఆడే రెండు ఊళ్ళకూ సంబంధం లేని రెఫరీని, అంపైర్లను వేయడం, మట్టి తడిపి కోర్టు చదును చేయించి సున్నం గీతలు వేయించడం. మా వైపు గీతలు వేయించడం కంటే మట్టి తడపడం కష్టం. తాగడానికే నీళ్ళు ట్యాంకరులో వచ్చే చోట ఆట కోసం నేల తడుపుతామంటే ఊరి పెద్దలు మనిషిని కిందికీ మీదికీ చూసేవారు.

మా సంఘం అధ్యక్షుడు తిప్పేస్వామి. ఆయనకు శెనక్కాయల మండీ ఉంది. షామియానా, భోజనాలు, ట్యాంకరు ఆయన వంతు. నియమాలు, డ్రాలు, రెఫరీలు నా వంతు. ఒకరి వంతులో ఒకరు వేలు పెట్టేవాళ్ళం కాదు. అందుకే చివరిదాకా స్నేహంగా ఉన్నాం.

నేను బాధ్యత తీసుకునేనాటికి మా కబడ్డీకి ఒక రోగం పట్టుకుని ఉంది. కిరాయి ఆటగాళ్ళు. డబ్బున్నవాళ్ళు పొరుగు రాష్ట్రం నుంచి బలమైన కుర్రాళ్ళను తెచ్చి తమ ఊరి బనియన్లు తొడిగి దింపేవారు. అంతకుముందు జరిగిన మగవాళ్ళ ఫైనల్లో మైకు పట్టుకున్న తెలుగు అయ్యవారు, మర్యాద కోసం ఒక జట్టు కెప్టెన్‌ను పిలిచి, మీ ఊరి గురించి రెండు మాటలు చెప్పు నాయనా అన్నాడు. ఆ కుర్రవాడు బళ్ళారి మనిషి. కాసేపు ఆలోచించి, "ఊరు చెన్నాగిదె సార్" అన్నాడు, ఊరు బాగుందని కన్నడంలో. మీ ఊరికి బస్సుందా అని అయ్యవారు మళ్ళీ అడిగాడు. "బస్సు గొత్తిల్ల సార్, జీపల్లి కర్కొండు బందరు" అన్నాడు. బస్సు సంగతి తెలియదు, జీపులో తీసుకొచ్చారని. జనం విరగబడి నవ్వారు. నవ్వడం అయిపోయాక, సగం ఆటకే లేచి ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఎవరు గెలిస్తే వాళ్ళకేం? ఆ ఖాళీ మైదానం చూసి నేను చాలా ఆలోచించాను.

ఇక్కడ నా చదువు సంగతి కొంత చెప్పాలి. నేను ఇంటర్ పాసై, వ్యాయామ విద్యలో శిక్షణ పొందినవాణ్ణి. మిగిలిన చదువంతా కళ్యాణదుర్గం శాఖా గ్రంథాలయంలో అబ్బింది. సాయంత్రం ఆటల పీరియడు కాగానే అక్కడ కూర్చోవడం నాకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. పొగమంచు ఎందుకు పడుతుందో, జపాన్‌లో రైళ్ళు ఎలా నడుస్తాయో, రాయలకాలపు చెరువులను ఎలా కట్టారో నాకు తెలుసంటే అది ఆ బల్లల పుణ్యమే. అలాంటి ఒక సాయంత్రం, అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. ప్రపంచ దేశాల సొంత ఆటల మీద రాసింది. పక్కన నిఘంటువు పెట్టుకుని నెమ్మదిగా చదివాను.

అందులో ఐర్లండ్ దేశపు గేలిక్ ఆటల మీద ఒక అధ్యాయం ఉంది. వంకర కర్రతో చిన్న బంతిని కొట్టే హర్లింగ్ ఒకటి, కాలితోనూ చేతితోనూ ఆడే ఫుట్‌బాల్ ఒకటి. లక్షలాది జనం చూసే ఆ ఆటలు ఆడేవాళ్ళకు జీతం లేదట. వారమంతా పాఠాలు చెప్పేవాడు, గొర్రెలు కాసేవాడు, బ్యాంకులో లెక్కలు రాసేవాడు ఆదివారం మైదానంలోకి దిగుతాడు. ఒక చర్చి కింద ఉండే పల్లెల గుంపును అక్కడ పారిష్ అంటారు, మన పంచాయతీ అనుకోవచ్చు. మనిషి ఏ పారిష్‌లో పుట్టి పెరిగాడో దానికే ఆడతాడు. పక్క పారిష్ ఎంత గొప్పదైనా పోడు. అక్కడి నిర్వహణ కార్యదర్శులు కూడా నాలాగే బడిపంతుళ్ళు, గుమాస్తాలు. జట్టు మారతామనేవాళ్ళ తగాదాలు తీర్చడంలోనే వాళ్ళ జీవితాలు గడిచిపోతాయని చదివి, ఎన్నడూ చూడని ఆ మనుషుల మీద నాకు బంధుప్రీతి కలిగింది.

ఆ నియమాన్ని మా కమిటీ ముందు పెట్టాను. ఆటగాడు పుట్టిన ఊరికే ఆడాలి. ఇంతకంటే సులువైన నియమం లేదనుకున్నాను.

కమిటీలో అందరం మగవాళ్ళమే. తోటి డ్రిల్లు మాస్టర్లు, ఒకనాటి ఆటగాళ్ళు. వాళ్ళలో సంజీవప్ప అనే పాత కబడ్డీ మనిషి చెయ్యెత్తాడు.

"సారూ, నా పెద్దకొడుకు వాళ్ళ అవ్వ ఊర్లో పుట్టినాడు. తొలికాన్పు పుట్టింట్లోనే గదా చేసేది. వాడు ఇప్పుడు వాళ్ళ మామ ఊరికి ఆడల్లనా?"

"నా బిడ్డలిద్దరూ అనంతపురం పెద్దాసుపత్రిలో పుట్టినారు" అన్నాడు ఇంకొకాయన. "వాళ్ళది ఆసుపత్రి టీమా?"

ఐర్లండ్ పుస్తకంలో తొలికాన్పు ప్రస్తావన లేదు. డివిజన్‌లోని పెద్దకొడుకులంతా మేనమామల ఊళ్ళకు ఆడే కబడ్డీ ఎలా ఉంటుందో ఊహించుకుని, పుట్టిన ఊరు అన్న మాట కొట్టేసి, తండ్రి స్వగ్రామం అని రాశాను. అప్పుడు తిప్పేస్వామికి ఇంకో అనుమానం వచ్చింది.

"మరి ఇల్లరికం అల్లునికో?"

"ఆయన కూడా నాయన ఊరికే ఆడాలి."

"మంచిదేలే. ఆట పేరు మీదన్నా ఒకసారి ఇంటి మొకం చూస్తాడు పాపం."

కిరాయి మనుషులు ఇంకే సందులోంచీ దూరకుండా ఒక షరతు చేర్చాం. పోటీలకు ముందు పది రోజులు ఆటగాళ్ళు ఆ ఊళ్ళోనే ఉండి సాధన చేయాలి. జీపులో తెచ్చిన మనిషిని పది రోజులు పోషించడం ఎవరికీ గిట్టుబాటు కాదు. నియమం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. మగవాళ్ళకు, ఆడవాళ్ళకు ఒకటే నియమావళి కాబట్టి విడిగా రాయాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. ఆడవాళ్ళ విభాగం అంటే అప్పట్లో కాలేజీ పిల్లల జట్లు రెండో మూడో వచ్చేవి. పెళ్ళయిన ఆడది ఒకతె కబడ్డీ ఆడుతుందని మాలో ఏ ఒక్కరికీ తట్టలేదు.

సర్క్యులర్లు పంచాయతీ ఆఫీసుల గోడలకు ఎక్కాయి. శెనక్కాయ పీకడం అయిపోయి, పశువుల మేతకు కట్టె వాములు పడి, ఊళ్ళు కాస్త తీరికగా ఉన్న రోజులు. ఒక ఉదయం నాకు ఫోన్ వచ్చింది. గొంతు కొత్తది.

"సారూ, మా ఇంటామె కబడ్డీ ఆడల్లంట. పది దినాలు పుట్టింట్లో ఉండల్లంట. గవర్నమెంటు రూలంట. నిజమేనా?"

"ఆడదలచుకుంటే నిజమే" అన్నాను.

"ఆమె కబడ్డీ ఆడింది నేనెప్పుడూ చూల్లేదు సారూ."

"పెళ్ళికి ముందు ఆడిందేమో, కనుక్కోప్పా."

అవతల ఏదో అడిగిన చప్పుడు, ఆడమనిషి జవాబు చెప్పిన చప్పుడు వినిపించాయి. అతను మళ్ళీ లైన్లోకి వచ్చాడు. "ఇప్పుడు పోయి నేర్చుకుంటాదంట."

ఆ రోజు మొదలు ఫోను ఆగలేదు. ఒక అత్త అడిగింది, బాలింత కూడా పోవల్లనా అని. వద్దమ్మా అని నేను, నేను పోతానంటే వీళ్ళకేమి అని వెనక నుంచి బాలింత. ఆడవాళ్ళ జట్ల పేర్లు ఊరికొకటి చొప్పున వచ్చి పడ్డాయి. ఓడినవాళ్ళు ఇంటికి వెళ్ళే నాకౌట్ పద్ధతి అప్పటిదాకా సరిపోయేది. ఇన్ని జట్లను అలా ఆడిస్తే పది రోజులు సాధన చేసి వచ్చినవాళ్ళు ఒక్క ఆటతో వెనుదిరగాలి. అందుకని జట్లను గుంపులుగా విడదీసి, గుంపులో అందరితో అందరూ ఆడే లీగ్ పద్ధతికి మార్చాను. ఇంతమందికి ఒక్కసారిగా కబడ్డీ మీద ప్రేమ పుట్టిందని నేనేమీ భ్రమపడలేదు. పండగకో పురిటికో తప్ప కదలనివ్వని ఇళ్ళలో, గోడమీద ముద్రతో సహా అంటించిన ఒక కారణం వాళ్ళకు దొరికింది. దాన్ని వాళ్ళు రెండు చేతులా పట్టుకున్నారు.

నిజంగా ఆట కోసమే వచ్చిన మనిషి నాగమణి. ఎర్రగుండ్లపల్లి నుంచి మా బడికి నడిచి వచ్చి చదువుకున్న పిల్ల. కబడ్డీలో ఎదుటి కోర్టులోకి ఆపకుండా 'కబడ్డీ కబడ్డీ' అంటూ వెళ్ళి ముట్టుకుని రావడాన్ని కూత అంటాం. కూతకు పోయిన నాగమణిని పట్టడం పక్క బళ్ళ పిల్లలకు సాధ్యమయ్యేది కాదు. పదో తరగతి తరువాత వంకకుంటకు కోడలిగా వెళ్ళింది. ఆరేడేళ్ళుగా కోర్టు మొహం చూడలేదు. ఆమె భర్త ఓబులేసు కళ్యాణదుర్గం రోడ్డు మీద షేర్ ఆటో నడుపుతాడు. ఆ ఆటోలోనే ఇద్దరూ బడికి వచ్చారు.

"సారూ, మా అత్త పోవద్దంటాండాది" అంది నాగమణి. "సోమవారం లోపల ఎర్రగుండ్లపల్లిలో చేరకపోతే పేరు కొట్టేస్తారంట గదా."

కొట్టేయాల్సిందే అన్నాను. పది రోజుల షరతు నేను రాసిందే.

"మా అమ్మ లేదు సారూ. ఆడుండేది మా అన్న, వదిన. పది దినాలు వాళ్ళింట్లో తినాలంటే నాకూ సిగ్గే. సుఖానికి పోతాండానని అత్త అనుకుంటాండాది. నాకు ఒక్కసారి కూతకు పోవల్లని ఉండాది, అంతే."

నువ్వేమంటావు అని ఓబులేసును అడిగాను. "నేనేమనేది సారూ, నేను ఆటో తోలేటోన్ని, యాడికి పొమ్మంటే ఆడికి పోతా" అన్నాడు. భార్య వైపు చూసి, "ఆమె బాగా ఆడతాదంట గదా, నేనూ చూసింది లేదు" అని మెల్లగా చేర్చాడు.

సోమవారానికి ముందు రోజు అత్తగారే వచ్చింది. పేరు వన్నూరమ్మ. బడిలో బంతులు, వలలు, సున్నం మూటలు పెట్టే గదే మా కార్యాలయం. తిప్పేస్వామి, నేను డ్రా చీటీలు సిద్ధం చేస్తున్నాం. ఆమె వచ్చి సున్నం మూట మీద కూర్చుంది. ఓబులేసు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"కోడండ్లను లేపుకపోయే రూలు రాసినోనివి నువ్వేనా సారూ?"

నేనే అన్నాను.

"మా ఇంటి కోడలు ఇంకో ఊరి అంగీ తొడుక్కోని మా ఊరిమీదికే కూతకు వస్తాదా? యా ఊరి కూడు తింటాదో ఆ ఊరికి ఆడల్ల గదా. కోడలికి మెట్టినూరే ఊరు. రూలు మార్చు."

ఆమె మాటలో బలం ఉంది. నేను నియమం రాసింది బయటివాళ్ళను ఆపడానికి. కోడలు బయటిది కాదు కదా. పోటీల్లో నియమం మీద అభ్యంతరం చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. డ్రా తీయక ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి. ముగ్గురు సభ్యుల సాంకేతిక కమిటీ దాన్ని పరిశీలించి తేలుస్తుంది. నేను ఆమెకు అది చెప్పి, ఆమె చెప్పినట్టే అభ్యంతరం రాసి చదివి వినిపించాను. అలాంటివే మరికొన్ని ఊళ్ళ నుంచి కూడా రాబోతున్నాయని విన్నాను. నియమం మారుతుందనే అనుకున్నాను.

"మారితే నాగమణి మీ ఊరికే ఆడుతుందా అమ్మా?" అని అడిగాను. అలా అయినా ఆ పిల్ల ఆడుతుంది కదా అని నా ఆశ.

"మా ఊర్లోనా? వాళ్ళ మామ, బావలు అరుగు మీద కూచోనుంటే కోడండ్లు ప్యాంట్లేసుకోని ఎగురుతారా? బిడ్డలైతే ఆడుకుంటారు, వాళ్ళది ఊరు. కోడండ్లు ఆడేది లేదు."

అప్పుడు నాకు విషయం పూర్తిగా అర్థమైంది. నియమం మారితే కోడళ్ళు ఏ ఊరికీ ఆడరు. ఆడవాళ్ళ విభాగం మళ్ళీ రెండు కాలేజీ జట్ల దగ్గరికి వస్తుంది. నాగమణి కూత అక్కడితో సరి. కానీ కార్యదర్శి ఒకరి పక్షం మాట్లాడకూడదు. వేలిముద్ర వేస్తారా, సంతకమా అని అడిగాను. సంతకమే అని ఆమె కలం తీసుకుంది.

అంతలో ఆమె ఫోన్ మోగింది. ఆమె ఫోను దూరంగా పట్టుకుని మాట్లాడే మనిషి కాబట్టి అవతలి మాట కూడా గదిలో అందరికీ వినబడింది. మాట్లాడేది ఆమె కూతురు పద్మ. తాడిపత్రిలో బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పద్మ భర్త పనిచేస్తాడు.

"అమ్మా, బస్సెక్కినా. అన్నకు చెప్పు ఆటో తెమ్మని."

"యా బస్సే? యాడికి?"

"మన ఊరికే. వంకకుంట టీములో నా పేరు రాసినారు గదా, నీకు చెప్పలేదా? పది దినాలుంటా. పిల్లోన్ని కూడా తెస్తాండా. మా అత్త శానా గలాటా చేసింది, గవర్నమెంటు రూలని చెప్తే ఊరుకునింది."

ఫోన్ పెట్టేశాక, వన్నూరమ్మ సంతకం చేయకుండానే కలం పక్కన పెట్టింది.

"సారూ, ఈ రూలు మారితే తాడిపత్రిలో ఉండేదాని కత ఏమి?"

"మెట్టినూరే లెక్క అయితే ఆమె తాడిపత్రికి ఆడాలి. అది మన డివిజన్ కాదు. ఇక్కడికి రావడానికి లేదు."

"వచ్చే బస్సులోంచి దిగిపోవల్లంటావు."

"అంతే."

తిప్పేస్వామి మీసాల చాటున నవ్వు దాచుకుంటున్నాడు. ఆమె అతని వైపు ఒక చూపు చూసి, అభ్యంతరం కాగితం నాలుగు మడతలు పెట్టి వక్కాకు తిత్తిలో దోపుకుంది. "గవర్నమెంటు రాసినాక మనదేముంటాది లే సారూ. రూలు రూలే గదా" అంది. తరువాత కొడుకుతో, "ఏమిరా చూస్తా నిలబడుకున్నావు? ముందు దాన్ని ఎర్రగుండ్లపల్లిలో దించి, అట్లే తాడిపత్రి బస్సుకు పో" అని లేచింది. సున్నం అంటిన చీర వెనుక భాగం దులుపుకోకుండానే వెళ్ళిపోయింది.

మిగతా ఊళ్ళ నుంచి రావాల్సిన అభ్యంతరాలు కూడా రాలేదు. కారణం నేను విచారించలేదు. ఏ ఇంట్లోనైనా కోడలు వెళ్ళే దారినే కూతురు వస్తుందని వాళ్ళకూ తెలిసి ఉంటుంది.

పోటీల మొదటి రోజు బరువు తూచే కార్యక్రమం ఉంటుంది. కబడ్డీలో ఆడవాళ్ళకు డెబ్బై ఐదు కిలోలు మించకూడదు. మా దగ్గరున్న చిన్న యంత్రం ఉదయాన్నే మొరాయించింది. తిప్పేస్వామి మండీ నుంచి శెనక్కాయ మూటలు తూచే కాటా తెప్పించాడు. ఆడవాళ్ళు వరసగా దాని మీదికెక్కుతూ ఆయన్ను ఒక ఆట ఆడించారు. "కింటాలు ఎంతకు పోతాది సేటూ?" అని ఒకతె. "తరుగు తీస్తావా, నిఖరంగా తూస్తావా?" అని ఇంకొకతె. మండీలో ఏళ్ళ తరబడి రైతుల మూటల బరువులో తరుగు తీసిన మనిషి ఆ రోజు తలెత్తలేదు.

దుస్తుల విషయంలో నేను పట్టుబట్టలేదు. ట్రాక్ ప్యాంటు, టీషర్టు ఉంటే మేలు, చుడీదారు అయితే చున్నీ నడుముకు బిగించాలి, గాజులు తీయాలి. గాజుల దగ్గర కొంత గొడవ జరిగింది. చివరికి మెత్తటి గుడ్డ చుట్టుకుంటే చాలని సర్దుబాటు చేశాం. మూడు రోజులు ఆట సాగింది. సగంమంది ఆటలో నియమాల కంటే ఉత్సాహమే ఎక్కువ. ఒక జట్టులో కూతకు పోయినామె ఎదుటి కోర్టులో చిన్ననాటి స్నేహితురాలు కనబడేసరికి కూత మాని, "నువ్వెప్పుడొచ్చినావే?" అని అడిగింది. కూత తెగితే ఔట్. రెఫరీ విజిల్ వేశాడు. ఆమె బయటికి వెళుతూ కూడా జవాబు కోసం వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

ఫైనల్‌కు ఎర్రగుండ్లపల్లి, వంకకుంట వచ్చాయి. నాగమణి ఒక వైపు, ఆమె ఆడబిడ్డ పద్మ ఇంకో వైపు. డ్రాలో నేనేమీ చేయలేదని ఇప్పటికీ ప్రమాణం చేయగలను. మైదానం చుట్టూ కంచె వేయడానికి మనుషులు చాలక బడిపిల్లల చేత తాళ్ళు పట్టించాం. కిరాయి ఆటగాళ్ళ ఫైనల్లో ఖాళీగా చూసిన నేల ఇదేనా అనిపించింది. వన్నూరమ్మ మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని వంకకుంట జనంలో ముందు వరుసలో కూర్చుంది. ఓబులేసు ఏ పక్కా కూర్చోలేక మా స్కోరర్ల బల్ల వెనక చేరాడు. "యా పక్కప్పా నువ్వు?" అని ఎవరో అడిగితే, "నేను ఆఫీసు పక్క" అన్నాడు.

పద్మ పట్టులో గట్టిది. బండల ఊళ్ళో కాపురం చేస్తున్న చేతులు. నాగమణి మొదటి కూతకు దిగగానే నడుం వంచి, "రా వదినా రా, ఈడ మా అన్న లేడు అడ్డం పడేదానికి" అంది. ఆటలో ఉన్న చిక్కేమిటంటే కూతకు వచ్చినామె తిరిగి జవాబు చెప్పలేదు. నోట కబడ్డీ తప్ప ఇంకో మాట రాకూడదు. నాగమణి కబడ్డీ కబడ్డీ అంటూనే కళ్ళతో జవాబు చెప్పింది, కాలితో ఇద్దరిని తాకి వెనక్కి దూకింది. నేను ఆరేడేళ్ళ కిందట చూసిన దూకుడే. ఒళ్ళు కాస్త బరువెక్కింది, అంతే తేడా. నా పక్కన ఓబులేసు, "అబ్బ" అన్నాడు.

జనంలోంచి ఎవడో కేకేశాడు. "నాగమణీ, చూసుకోని ఆడు. రేపు మీ అత్త కూడు పెట్టదు."

"కూడు వండేదే అది లేప్పా" అంది వన్నూరమ్మ వెనక్కి తిరగకుండానే.

రెండో సగం ముగియబోయే వేళకు పాయింట్లు సమానంగా ఉన్నాయి. ఎర్రగుండ్లపల్లి వాళ్ళ రెండు కూతలు వరసగా పాయింటు లేకుండా తిరిగి వచ్చాయి. అలాంటప్పుడు మూడో కూతను డూ ఆర్ డై అంటారు. ఎవరినైనా తాకి రావాలి, లేదా కూతకు పోయినామే ఔట్. నాగమణి వెళ్ళింది. కుడి మూల నుంచి పద్మ ఒక్కసారిగా పడి చీలమండ పట్టేసింది. ఇంకో ఇద్దరు మీద పడ్డారు. నాగమణి బోర్లా పడి, కూత ఆపకుండా, మోచేతుల మీద మధ్యగీత వైపు ఈడ్చుకుంటూ పోతోంది. కాలికి పద్మ వేలాడుతోంది.

"పద్మా, ఇడిసిపెట్టద్దే" అని అరిచింది వన్నూరమ్మ. అరిచిన నోటితోనే, "మెల్లగమ్మే, దాని చెయ్యి, చెయ్యి" అంది. తరువాత ఆమె ఏమన్నదో ఆమెకే తెలియదు. మనవడు ఒళ్ళోంచి జారి కింద కూర్చుని అమ్మను, అత్తను మార్చి మార్చి చూస్తున్నాడు.

విజిల్ మోగింది. నాగమణి వేళ్ళ కొసలు సున్నం గీత దాటి తెల్లగా ఉన్నాయి. గీత తాకితే పట్టినవాళ్ళందరూ ఔట్, కూతకు వచ్చిన జట్టుకు అన్ని పాయింట్లు. అదే చివరి కూత కావడంతో ఎర్రగుండ్లపల్లి గెలిచింది.

వంకకుంట మగవాళ్ళు లేచారు. కూత ముందే తెగిందని, గీత తాకలేదని వాదన. ఇలాంటివి నేను ఎన్నో చూశాను. ఆట ముగిసిన అరగంటలో రాతపూర్వకంగా ఇస్తే అప్పీళ్ళ కమిటీ వింటుంది. నేను కాగితాలు తీసి బల్ల మీద పెట్టాను. వాళ్ళు బల్ల దగ్గరికి వచ్చేలోపల వన్నూరమ్మ వచ్చింది.

"సారూ, గీత తగిలిందా?"

"లైన్ అంపైరు చూశాడమ్మా. తగిలింది."

"నేనూ చూసినాలే, ముందర కూచోనింది నేనే గదా." ఆమె తమ ఊరివాళ్ళ వైపు తిరిగింది. "ఏమప్పా, ప్రొటెస్టు గిరొటెస్టు ఏమొద్దు. నా బిడ్డ పట్టింది గట్టిగా, నా కోడలు ఈడ్సింది గట్టిగా. రాత్రికి ఇద్దరికీ నూనె పట్టేది నేను. మీరెవురన్నా వస్తారా పట్టేకి?"

ఎవరూ రాలేదు. ఓబులేసు అప్పటికే ఆటో తిప్పి నిలబెట్టాడు. అత్త, కోడలు, కూతురు, పిల్లవాడు, కోర్టు మట్టి అంటిన బట్టలతో వెనక సీటులో ఇరుక్కున్నారు. కప్పు ఎర్రగుండ్లపల్లికి పోవాల్సింది కాబట్టి వాళ్ళ ఊరివాళ్ళు వచ్చి పద్మ చేతిలోంచి జాగ్రత్తగా తీసుకున్నారు. అది ఆమె చేతికి ఎలా వచ్చిందో నాకు తెలియదు.

తరువాతి సమావేశంలో సంజీవప్ప ఒక ప్రతిపాదన తెచ్చాడు. పెళ్ళయిన ఆడవాళ్ళు ఏ ఊరికి ఆడాలో వాళ్ళ ఇష్టానికే వదిలేద్దామని. చూడటానికి న్యాయంగా ఉంది. నేనూ అంగీకరించేవాణ్ణే. కానీ ఈసారి కమిటీలోకి ఇద్దరు ఆడవాళ్ళను తీసుకున్నాం. అందులో ఒకరు వన్నూరమ్మ. ఆమె ఒప్పుకోలేదు. ఇష్టమని రాస్తే, ఆ ఇష్టం ఇంట్లో ఎవరిదవుతుందో మీకు తెలీదా అని అడిగింది. రూలని రాస్తేనే ఎవురూ ఏమీ అనలేరు అంది. నియమం మారలేదు. నాగమణి ఆ తరువాత కూడా ఏటా పుట్టినూరికే ఆడింది. ఆమె దగ్గర కూత నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు ఆ ఊళ్ళో ఉన్నారు.

ఐర్లండ్ పుస్తకంలో నేను చదివిన నియమం బయటివాణ్ణి ఆపడానికి పుట్టింది. మా దగ్గర అది బయటికి వెళ్ళిన మనిషిని వెనక్కి తేవడానికి పనికొచ్చింది. ఒక దేశం నుంచి నియమాన్ని తెచ్చుకోవచ్చు, అది ఎందుకు నిలబడుతుందన్న కారణాన్ని మాత్రం తెచ్చుకోలేం, అది ఇక్కడే పుట్టాలి. ఇంకో సంగతి నేర్చుకున్నాను. మేము నియమాలు రాసేటప్పుడు దీన్ని ఎవరు మీరతారు అనే చూసేవాళ్ళం. వన్నూరమ్మ మాత్రం ఏ నియమం చదివి వినిపించినా, "దీనివల్ల ఎవురు యాడికి పోవల్ల?" అని అడిగేది. నా ఉద్యోగం చివరి ఏళ్ళలో నేను ఏ నియమం రాసినా ముందు ఆ ప్రశ్నకు జవాబు రాసుకుని, తరువాతే నియమం రాశాను.